లండన్ ధరలూ మా టోవా పాయో ఇల్లూ

లండన్‌లో ఒక్కసారైనా కాలు పెట్టకుండానే మా ఆయనకి ఆ ఊరంతా కొట్టిన పిండి. ఏ పేటలో రెండు గదుల ఇల్లు ఎంత పలుకుతోందో, పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత పెరిగిందో, రైలు స్టేషన్ దగ్గరైతే ఇంకెంత ఎక్కువో తడుముకోకుండా చెప్పేవారు. సింగపూర్‌లో మేం ఉంటున్న టోవా పాయోలో కిలో ఉల్లిపాయలు ఎంత అని అడగండి, నోరు పెగిలితే ఒట్టు.

తప్పు పూర్తిగా ఆయనది కాదులెండి, ఉద్యోగం అలాంటిది. చాంగీ బిజినెస్ పార్కులో, ఒక బ్రిటిష్ బ్యాంకు వాళ్ళ ఇళ్ళ అప్పుల సాఫ్ట్‌వేర్ చూసే టీములో పని. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మహర్దశ నడుస్తున్న రోజులవి. పొద్దున్నపూట ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు దిగే జనాన్ని చూస్తే అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లన్నీ ఒకేసారి వదిలినట్టుండేది. అక్కడ ఇంగ్లండులో ఎవరో టీచరమ్మ ఇల్లు కొనుక్కుంటానని బ్యాంకుకి వెళితే, ఆవిడ జీతానికి ఎన్ని రెట్లు అప్పు ఇవ్వొచ్చో తేల్చేది ఇక్కడ వీళ్ళు రాసిన ప్రోగ్రామే. ఇంతకి మించి ఇవ్వకూడదని అందులో ఓ హద్దు ఉండేదట. కొన్నాళ్ళకోసారి ఆ హద్దు ఇంకాస్త పెంచమని లండన్ నుంచి కబురొచ్చేది. పెంచేది మా ఆయనే. పెంచేసి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, అన్నం కలపడం మర్చిపోయి, "జీతాలు పెరగట్లేదు, అప్పు పెంచుతున్నారు. ఎక్కడో అక్కడ ఇది కూలుతుంది చూడు" అనేవారు.

సాయంత్రాలు లండన్ వాళ్ళతో ఫోన్ మీటింగులు. మన ఊళ్ళో ఇద్దరు కలిస్తే వానల గురించి మాట్లాడుకున్నట్టు వాళ్ళు ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకునేవాళ్ళట. మీ పక్కిల్లు ఎంతకి పోయింది, మా వీధి చివరిది ఎంతకి పోయింది. ఆ మాటలు విని విని ఈయనకీ అంటుకుంది. అక్కడి పత్రికలన్నీ కంప్యూటర్లో తెరిచి చదవడం, వార్త కింద పాఠకులు పెట్టుకునే కొట్లాటలు కూడా వదలకుండా చదవడం. కూలుతుందని సగం మంది, కూలదని సగం మంది. మా ఆయన కూలే పార్టీ.

మగాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది కదా, క్రికెట్ కంటే ఇది నయమే అనుకున్నాను. లండన్ కూలితే నాకేం, నిలబడితే నాకేం. ఆ పిచ్చి నా గుమ్మం దాకా వస్తుందని నేనేమన్నా కలగన్నానా!

మేం అద్దెకున్న ఇల్లు ఒక చైనీస్ ఆంటీది. పాత బ్లాకు, పొడుగాటి వరండా, వరండా పొడుగునా గుమ్మాలు, గుమ్మానికో ఇనప గేటు. ఆంటీ హౌగాంగ్‌లో కూతురి దగ్గర ఉండేది. నెలకోసారి అద్దె వసూలుకి వచ్చేది. వచ్చి ఊరుకుంటుందా? సింకు కింద తల దూర్చి చూసేది, కిటికీ చువ్వల మీద వేలు రాసి దుమ్ముందేమో చూసేది. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ పెళ్ళయి కాపురానికొచ్చింది ఆ ఇంటికేననీ, పిల్లలందరూ అక్కడే పెరిగారనీ తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఆవిడ వచ్చే రోజున నేనే ముందు కిటికీ తుడిచి, యాలకులు దంచి టీ పెట్టేదాన్ని. గ్లాసుడు తాగి, మాట చివర "లా" తగిలించే సింగపూర్ అలవాటుతో "సో స్వీట్ లా!" అని మొహం చిట్లించి, ఇంకో గ్లాసు అడిగేది.

ఆ ఇంటికి రాకముందు మేం మూడు ఇళ్ళు మారాం. ఒకాయన కొడుక్కి పెళ్ళన్నాడు. ఒకావిడ మా పోపు వాసన గోడలకి పట్టేస్తోందంది. ఇంకొకాయన ఏ కారణమూ చెప్పలేదు, నెల టైమిచ్చాడు అంతే. ప్రతిసారీ అట్టపెట్టెలు సర్దింది నేను, కొత్త ఇంట్లో చారు గిన్నె ఎక్కడుందో తెలీక వెతుక్కుంది నేను. మా అమ్మాయి ఒకటో క్లాసులో చేరిన ఏడాది ఈ ఇంట్లోకి వచ్చాం. వంటింటి కిటికీలోంచి చూస్తే దాని బడి కనిపించేది. కింద మార్కెట్లో చేపలమ్మే ఆయన నన్ను చూడగానే తలకాయ కూడా సంచీలో వేసేసేవాడు, ఇండియన్లు పులుసు పెట్టుకుంటారని ఎవరు చెప్పారో ఏమో. నా ఆఫీసు రైల్లో నాలుగు స్టేషన్ల దూరం. నేనూ టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని, ఇంట్లో కూచుని కలలు కనే మనిషినేం కాదు. కానీ ఈ ఇంటి మీద మాత్రం నాకు మనసు పడిపోయింది. దాన్ని వదిలి ఇంకో గుమ్మం ఎక్కాలంటే నా వల్ల కాదు.

అలాంటిది ఒక ఆదివారం ఆంటీ రెండో గ్లాసు టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఈ ఇల్లు అమ్మేస్తున్నా లా" అంది.

ఇంకాస్త పోద్దామని ఎత్తిన టీ గిన్నె దించేశాను.

కూతురు పెద్ద ఇల్లు తీసుకుంటోందట, డబ్బు సర్దాలట. "మీకే ముందు చెప్తున్నా. నువ్వు స్టవ్ నీట్‌గా ఉంచుతావు. న్యూ ఇయర్ అయ్యేదాకా ఎవరికీ చెప్పను. అయ్యాక ఏజెంటుకి ఇచ్చేస్తా" అంది. ఆవిడ అన్నది వాళ్ళ చైనీస్ న్యూ ఇయర్. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "లేటు చెయ్యకు. ఈ బ్లాకులో ఇండియన్స్ వంతు నిండొచ్చింది" అని హెచ్చరించింది.

ఆ వంతు సంగతి సింగపూర్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. గవర్నమెంటు కట్టిన ఫ్లాట్లలో ప్రతి బ్లాకుకీ చైనీస్ వాళ్ళు ఇంతమంది, మలయ్ వాళ్ళు ఇంతమంది, ఇండియన్లు ఇంతమంది అని లెక్క ఉంటుంది. ఒకే జాతి వాళ్ళు ఒకేచోట పోగుపడకుండా అన్నమాట. మా వంతు నిండిందా, ఇక మా చేతిలో డబ్బున్నా, ఆంటీకి మాకే అమ్మాలనున్నా లాభం లేదు. మాకు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి అప్పటికి ఏడాది, కాబట్టి కొనడానికి అర్హత ఉంది. ఇద్దరం సంపాదిస్తున్నాం. బ్యాంకు అప్పిస్తానంటోంది. ఇంకేం కావాలి?

"కొనేద్దామండీ" అన్నాను.

"ఇప్పుడా?" అన్నారు మా ఆయన, నేనేదో ఆయన కిడ్నీ అడిగినట్టు. "ఇప్పుడెవడైనా కొంటాడా? లండన్‌లో ఏం జరుగుతోందో చూస్తున్నావా?"

"లండన్‌లో కొనమంటున్నానా నేను? టోవా పాయోలో!"

"ప్రపంచమంతా ఒకటే. అక్కడ కూలిందంటే ఇక్కడా పడుతుంది. ఆగుదాం."

ఇక అక్కణ్ణుంచి నాకు రోజూ క్లాసే. బ్రిటన్లో జీతాలు నత్తనడక నడుస్తుంటే ఇళ్ళ ధరలు పరుగులెడుతున్నాయట. ఫ్యాక్టరీలు మూతపడుతుంటే ఒకళ్ళ ఇల్లు ఒకళ్ళకి అమ్ముకుంటూ దేశం బతుకుతోందట. నర్సులూ బస్సు కండక్టర్లూ పనిచేసే ఊళ్ళో ఉండలేక గంటన్నర దూరం నుంచి వస్తున్నారట. విన్నాను. నిజమే కావచ్చు, పాపం. కానీ ఆ నర్సుల కష్టానికీ నా వంటింటి కిటికీకీ ముడి పెడితే ఎలా ఊరుకుంటాను?

శనివారాలు తెలుగువాళ్ళ ఇళ్ళలో కలుసుకున్నప్పుడు ఇంకో గొడవ. మగాళ్ళంతా హాల్లో చేరి ఇదే చర్చ. ఇక్కడి ఫ్లాటు తొంభై తొమ్మిదేళ్ళ లీజు, మనది కాదు, ఆ డబ్బుతో మాదాపూర్‌లో స్థలం కొనిపడేస్తే పదింతలవుతుందని ఒకరు. అసలు అద్దెకుండటమే తెలివని ఇంకొకరు. నేను గారెల పళ్ళెం పట్టుకెళ్ళి, "తొంభై తొమ్మిదేళ్ళు అయ్యాక మిమ్మల్ని ఖాళీ చెయ్యమంటారని భయమా అన్నయ్యగారూ? మీ పళ్ళు అన్నాళ్ళుంటే చాలు ముందు" అన్నాను. అందరూ నవ్వారు, మా ఆయన తప్ప.

ఆయనకి ఈ విద్యలో ఒక గురువుండేవాడు. లండన్ ఆఫీసు నుంచి ఏడాదికని వచ్చిన ఇంగ్లీషాయన. మనిషి చాలా మంచివాడు. ఎండకి ఎప్పుడూ టమాటాలా ఉండేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ హాకర్ సెంటర్‌లో, అదే వరసగా తిండి కొట్లుండే చోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు ఖాయం చేసుకుని, నూడుల్స్ చల్లారిపోయేదాకా బ్రిటన్ ఆర్థిక పరిస్థితిని చీల్చి చెండాడేవాళ్ళట. ఇంటికొచ్చి "ఆయన కూడా అదే అన్నాడు, కూలడం ఖాయమట" అని మా ఆయన నాకు అప్పజెప్పేవారు.

ఒకరోజు ఇక నాకు తిక్క రేగింది. "ఆ మహానుభావుణ్ణి ఆదివారం భోజనానికి పిలవండి. నేనే అడుగుతాను" అన్నాను.

"నువ్వేం అడుగుతావు?" అన్నారు, గాభరాగా.

"మీకెందుకు? పిలవండి."

ఆదివారం ముద్దపప్పు, గుత్తివంకాయ, కోడి పులుసు, గారెలు చేశాను. ఆయన మా అమ్మాయిని చూసి చేత్తో తినడం నేర్చుకున్నాడు. మోచేతి దాకా పులుసు కార్చుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ, ఆపకుండా తిన్నాడు. తిన్నాక మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగి చూశాడు. వంటింట్లో కిటికీ దగ్గర నిలబడిపోయాడు.

"అదిగో, మా అమ్మాయి బడి" అని చూపించాను.

"మీరిక్కడ నిలబడి చూడొచ్చా? రోజూ?" అన్నాడు.

నేనింక దాచుకోలేదు. "సార్, ఇల్లు కొనాలని నాకుంది. ధరలు కూలతాయని మీరంటున్నారని ఈయన కొననంటున్నారు. నాకు సూటిగా చెప్పండి. కూలతాయా?"

"కూలతాయి. తప్పకుండా."

మా ఆయన నా వైపు చూశారు, చూశావా అన్నట్టు.

"ఎప్పుడు?" అన్నాను.

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వాపేశాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఇదే మాట అంటున్నాను. ఎప్పుడో తెలిస్తే నా పిల్లలు ఈపాటికి మూడు బడులు మారేవాళ్ళు కాదు."

ఇంగ్లీషాయన చెప్పుకుంటూ పోయాడు. వాళ్ళ నాన్న బస్సు నడిపేవాడట. ఆ ఒక్క జీతంతోనే ఇల్లు కొన్నాడట, చిన్నదే కానీ వెనక పెరడుంది. ఇప్పుడు తనూ, భార్యా ఇద్దరూ మంచి ఉద్యోగాలు చేస్తూ, ఆ వీధిలో కొనలేక, దానికి రెండు వీధుల అవతల అద్దెకున్నారట. ప్రతి ఏడాదీ ఇదిగో పడతాయి అదిగో పడతాయని ఆగడం, ఆ ఏడాది ఇంకా పెరగడం, ఇంటాయన ఖాళీ చెయ్యమనడం. "నా భార్య నాతో ఈ విషయం మాట్లాడటం మానేసింది" అన్నాడు. తర్వాత గోడ మీద అరచెయ్యి ఆనించి, "నాలాంటి పరాయివాడు ఇక్కడ ఈ ఇల్లు కొనొచ్చా?" అని అడిగాడు. కుదరదన్నాం. నిజంగానే నిరాశ పడ్డాడు.

ఆయన వెళ్ళాక మా ఆయన మాట్లాడకుండా అంట్లన్నీ తోమారు. ఆయన అంట్లు తోముతున్నారంటే లోపల ఏదో కరుగుతోందన్నమాట, నాకు అనుభవమే. ఆఖరి గిన్నె బోర్లించి, "సరే, కొందాంలే" అన్నారు. నేను ఎగిరి గంతేసే లోపల, "అమ్మతో ఒక్క మాట చెప్పి" అన్నారు.

అదీ సంగతి. కూలే పార్టీ ఓడిపోయింది, వాస్తు పార్టీ దిగింది.

మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, ఇల్లెంత అని కాదు, ఎన్ని గదులని కాదు, "సింహద్వారం ఎటు?" మా ఆయన అమ్మాయి పెన్సిల్ బాక్సులోంచి బుల్లి కంపాస్ తీసుకుని, చెప్పులేసుకుని, గుమ్మం బయట ఇనప గేటు పట్టుకుని నిలబడి చూశారు. వచ్చి, "దక్షిణం" అన్నారు.

"దక్షిణమేంటి మీ మొహం! తూర్పు! పొద్దున్నే వరండాలో ఎండ పడదూ?"

"కంపాస్ అబద్ధం చెప్తుందా? మనం భూమధ్యరేఖ దగ్గరున్నాం. ఇక్కడ సూర్యుడు అటూ ఇటూ జరుగుతాడు. నీకు తెలీదు."

ఇంజనీరుని కట్టుకుంటే ఇదే బాధ. ఏ తప్పుకైనా ఒక కారణం దొరుకుతుంది. ఎదురుగా ఇంకో బ్లాకు ఉండేది, దాన్ని దాటుకుని మా వరండాలోకి సూర్యుడు వచ్చేసరికి బాగా పొద్దెక్కేది. ఈయన అప్పటికే ఎక్స్‌పో రైల్లో ఉండేవారు. సెలవు రోజుల్లో దుప్పటి తియ్యరు. ఆ ఇంట్లో అన్నాళ్ళుండీ ఆ గుమ్మంలో ఎండ చూసిన పాపాన పోలేదు.

తెనాలిలో సిద్ధాంతిగారు ఈయన పేరులో మొదటి అక్షరం చూసి, దక్షిణ ద్వారం బొత్తిగా పనికిరాదన్నారట. అత్తగారు ఫోన్లో ముక్కు చీదారు. మా ఆయన కొయ్యబారిపోయారు. ఏ లండన్ పత్రికా ఆయన్ని అంత భయపెట్టలేదు. తల్లి మాట కాదనలేరు, నా మొహం చూడలేరు. సిద్ధాంతిగారు ఊరెళ్ళారనీ, ఇంకొకాయన్ని కనుక్కుంటున్నారనీ వారాలు దాటించారు. నేను చెప్పగలిగినంత చెప్పాను, అరవగలిగినంత అరిచాను, మూడు రోజులు మాట్లాడటం మానేశాను. ఈలోగా చైనీస్ న్యూ ఇయర్ వచ్చింది. ఆంటీ కమలాపళ్ళు తెచ్చిచ్చి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. పండగ సందడి అయిపోయింది. నెలాఖరుకొచ్చింది. మళ్ళీ అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయా అని నేను మార్కెట్లో పళ్ళ కొట్టాయన్ని అడగడం మొదలుపెట్టాను.

ఆ శుక్రవారం సాయంత్రం మా ఇంటికి ఒక హైదరాబాదీ స్నేహితురాలు వచ్చింది. నాకంటే పెద్దది, ఆపా అని పిలిచేదాన్ని. మా ఆయన ఆఫీసులోనే పని. తెలుగు మాట్లాడితే అచ్చం పాతబస్తీ గాలి వీచినట్టుండేది. చేతిలో ఖుబానీ కా మీఠా గిన్నె.

"నోరు తీపి చేసుకో! మీ బ్లాకులనే ఇల్లు కొంటున్నం, కింద నాలుగో అంతస్తుల. నువ్వేగా ఇంతగనం పొగిడినవ్ ఈ బ్లాకుని. ఇగ రోజూ నీ చేతి చాయే నాకు" అంది.

నేను నవ్వాను. గిన్నె అందుకున్నాను. చెంచా నోట్లో పెట్టుకున్నాను, మింగుడు పడలేదు.

"ఏమైందే? మొహమట్ల పెట్టినవేంది?"

"ఆపా, నువ్వు కొంటే మా వంతు నిండిపోతుంది. ఇక నాకీ ఇల్లు రాదు" అన్నాను. అని, గిన్నె పట్టుకునే భోరుమన్నాను. ఆవిడ మంచి కోరాల్సిన చోట ఏడుస్తున్నానే అని సిగ్గేసి ఇంకా ఏడుపొచ్చింది.

ఆపా నా చేతిలో గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "ఏడుస్తవేందే పిచ్చిదానా! మా ఇంటాయన పోయి అన్నీ అడిగొచ్చిండు. ఆ లెక్క ఒకటో తారీకు నాడే మారుతదట. ఈ నెల దరఖాస్తు పెట్టినోళ్ళకి ఈ నెల లెక్కనే. సోమవారమే ఆఖరి దినం. మీరు గూడ సోమవారం పెట్టుండ్రి, ఇద్దరికీ వస్తది. మల్ల లేటయితే నన్ననొద్దు" అని, గదిలోంచి తొంగి చూస్తున్న మా ఆయన్ని చూసి, "ఏం భాయ్, ఇంటిదాన్ని ఇట్ల ఏడిపిస్తరా?" అని గద్దించింది.

ఆవిడ వెళ్ళగానే మా ఆయన వైపు తిరిగాను. "విన్నారుగా. రేపు శనివారం. దుప్పటి తీసి నాతో పాటు వరండాలో కూర్చోండి. సూర్యుడు దక్షిణాన లేస్తే ఇంకో ఇల్లు వెతుక్కుందాం, మీ మాటే నా మాట. తూర్పున లేస్తే సోమవారం సంతకం. అంతే."

ఏ కళనున్నారో, సరేనన్నారు.

పొద్దున్నే రెండు కుర్చీలేసి గుమ్మానికెదురుగా కూర్చోబెట్టాను. కాఫీ ఇచ్చాను. మా అమ్మాయి నైట్ గౌనులోనే వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంది. పక్కింటి మక్‌చిక్, అంటే మలయ్ పిన్నిగారు, చెత్త పడేయడానికెళ్తూ, ముగ్గురం ఎదురు బ్లాకు వంక గుడ్లప్పగించి చూడటం చూసి, తనూ ఓసారి అటు చూసి వెళ్ళింది. రెండో కాఫీ అయింది. ఎదురు బ్లాకు పైన వాటర్ ట్యాంకు అంచు మెరిసింది. మెల్లగా ఎండ మా వరండా పిట్టగోడ దాటి, చెప్పుల స్టాండు దాటి, సూటిగా గుమ్మంలోకి వచ్చి మా ముగ్గురి మొహాల మీదా పడింది.

"టూ బ్రైట్ లా, డాడీ!" అని అమ్మాయి కళ్ళు మూసుకుంది.

మా ఆయన లేచారు. జేబులోంచి కంపాస్ తీసి గేటు దగ్గర పట్టుకున్నారు. దక్షిణమే చూపించింది. ఒక్కడుగు వెనక్కేశారు. ముల్లు కదిలింది. ఇంకో అడుగు. ఇంకాస్త తిరిగింది. వరండా మధ్యకి, ఇనుమన్నది లేని చోటికి వచ్చేసరికి శుభ్రంగా తిరిగి నిలబడింది. మళ్ళీ గేటు దగ్గరికెళ్ళారు, మళ్ళీ వెనక్కొచ్చారు.

"గేటు ఇనుము" అన్నారు ఆయన, నీరసంగా.

"అవునా? నాకు తెలీదు కదండీ, భూమధ్యరేఖ అనుకున్నాను" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే కడుపులు పట్టుకుని ఆ కుర్చీల్లోనే కూలబడ్డాం.

తెనాలికి ఫోన్ చేస్తే, తూర్పు సింహద్వారమైతే ఈయన పేరుకి దివ్యంగా ఉంటుందని సిద్ధాంతిగారు గంటలో చెప్పించారు. ఊరెళ్ళినాయన అంత తొందరగా ఎలా వచ్చారో నేనడగలేదు. ఆంటీకి సంగతి చెప్తే ఆవిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "ఐయా! మా వాస్తు చూసే ఫెంగ్ షుయ్ ఆయన కూడా గేటు దగ్గర చూడడు, కింద రోడ్డు మీదకెళ్ళి చూస్తాడు" అంది. సోమవారం మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారు. దరఖాస్తు వేశాం. ఆపా వాళ్ళూ అదే రోజు వేశారు. ఇద్దరికీ వచ్చింది.

తాళాలు ఇచ్చిన రోజు ఆంటీ ఇల్లంతా ఒకసారి తిరిగింది. ఆ రోజు మాత్రం కిటికీ మీద వేలు రాయలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, ఏదో వాళ్ళ భాషలో అంది. నాకర్థం కాలేదు, తలూపాను. ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని హాలు మధ్యలో చతికిలబడ్డాను. ఇక ఎవరూ నన్ను వెళ్ళమని అనరు. ఆ రోజు నేనెంత సంతోషంగా ఉన్నానంటే, ఎవరైనా వచ్చి ఈ ఇంటి ధర సగానికి పడిపోయిందన్నా కాఫీ ఇచ్చి పంపేదాన్ని.

మా ఆయన మాత్రం మారలేదు. లండన్ పత్రికలు అలాగే చదివేవారు. ఇంగ్లీషాయన ఏడాది ముగిసి వెళ్ళిపోయాడు. వెళ్ళిన కొన్నాళ్ళకి ఆయనా ఇల్లు కొన్నాడని తెలిసింది, ఉన్న డబ్బంతా పోసి, జీతానికి చాలా రెట్లు అప్పు చేసి.

ఆ తర్వాత లండన్‌లో ధరలు నిజంగానే పడ్డాయి.

మాటవరసకి కాదు, మా ఆయన ఏళ్ళ తరబడి చెప్పినట్టే, చెప్పిన వరసలోనే పడ్డాయి. బ్యాంకులు గడగడలాడాయి. చాంగీలో ఆయన టీములో సగం మందిని ఇంటికి పంపారు. ఆయన్ని ఉంచుతారో పంపుతారో తెలీని రోజులు. నాకు ఉద్యోగం ఉంది, ఇంటి వాయిదా పాత అద్దె కంటే పెద్ద ఎక్కువేం కాదు, గంజి తాగైనా కట్టుకోగలం అని రోజూ నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇంకో భయం కూడా ఉండేది నాకు. చర్చలో ఆయనే గెలిచారు కదా. ఇన్నాళ్ళకి ఆయన మాట నెగ్గింది. ఇప్పుడు నా వైపు తిరిగి, ఆగుదామంటే విన్నావా అని ఒక్క మాటంటే నా దగ్గర జవాబు లేదు.

ఒక సాయంత్రం ఇంట్లోంచే లండన్ మీటింగు. ఫోన్ స్పీకర్లో పెట్టి హాల్లో కూర్చున్నారు. నేను వంటింట్లో చారు కాస్తున్నాను. మీటింగయ్యాక మిగతావాళ్ళు వెళ్ళిపోయారు, ఇంగ్లీషాయన ఒక్కడూ లైన్లో ఉన్నాడు.

"మనం చెప్పినట్టే జరిగింది" అన్నాడు ఆయన. గొంతు పీలగా ఉంది. "నేను తప్పు టైములో కొన్నాను. ఇంటి ధర కంటే అప్పే ఎక్కువుంది ఇప్పుడు."

గరిటె చేతిలో పట్టుకుని నేను కదలకుండా నిలబడ్డాను. ఇదిగో, ఇప్పుడంటారు. నేను చెప్పానా అని ఆయనకీ అంటారు, ఇటు తిరిగి నాకూ అంటారు.

మా ఆయన ఫోన్ని దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "పిల్లలెలా ఉన్నారు? వాళ్ళకి గదులున్నాయా?" అని అడిగారు.

ఉన్నాయన్నాడు. చిన్నది తన గదికి తనే పసుపు రంగు వేసుకుందట, సగం తలుపుక్కూడా పూసిందట. బడి మారలేదట. చెప్తూ చెప్తూ ఆయన గొంతు తేలికపడింది. నవ్వాడు కూడా. ఆఖర్న, "మరి మీ ఇల్లు? ఎంత పడింది అక్కడ?" అని అడిగాడు.

లండన్‌లో ప్రతి వీధి ధరా నోటికొచ్చిన మనిషి, మా బ్లాకు ధర చెప్పడానికి తడుముకున్నారు.

"తెలీదు. చూడలేదు" అన్నారు. "మేం అమ్మట్లేదు కదా, ఉంటున్నాం."

చారు పొంగి స్టవ్ మీదంతా పోయింది. పోతే పోనీ అనుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.